మాట మార్చి, మాట తప్పకుండా

మా అమ్మకు షుగరు వచ్చి పన్నెండేళ్లు దాటింది. వేలి కొన గుచ్చి, రక్తపు బొట్టును పట్టీ మీద పెడితే అంకె చూపించే చిన్న యంత్రం ఒకటి ఇంట్లో ఉంది. దాని ఇంగ్లీషు పేరుకు ఆమె నోరు తిరగదు. కావాల్సి వచ్చినప్పుడల్లా "ఆ వేలు గుచ్చి చక్కెర చూసేది తేపో" అంటుంది. ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరూ పొరపాటున వేరే వస్తువు తెచ్చివ్వలేదు.

మా అన్న కూతురు నంద్యాలలో నర్సింగు చదివింది. జర్మనీలో నర్సుగా పనిచేయాలని ఏడాదిగా ఆ భాష నేర్చుకుంటోంది. సంక్రాంతికి మా ఊరు ఉయ్యాలవాడ వచ్చినప్పుడు ఆమె నోటుపుస్తకం తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర ఆగాను. 'డాస్ గెరేట్, మిట్ డేమ్ మాన్ డేన్ బ్లుట్‌త్సుకర్ మిస్ట్.' ఏందమ్మా ఇది అని అడిగాను. "జేజి మాటే చిన్నాయనా" అంది. దేనితోనైతే రక్తంలో చక్కెర కొలుస్తారో, ఆ పరికరం. పేరు గుర్తురానప్పుడు పని చెప్పి వస్తువును చూపించడం. పరీక్షలో ఇదొక నైపుణ్యమని, దీనికి విడిగా సాధన చేయాలని చెప్పింది.

ఐరోపా మండలి 2001లో భాషా స్థాయిలకు ఒక కొలబద్ద ప్రచురించింది. ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ప్రతి మెట్టు మీద నిలబడ్డ మనిషి ఏమేం చేయగలడో అందులో రాసిపెట్టారు. మూడో మెట్టు బి1. మాట దొరకనప్పుడు దగ్గరి మాటను సవరించి అర్థం అందించగలగడం ఆ మెట్టు లక్షణాల్లో ఒకటి. వాళ్లిచ్చిన ఉదాహరణ నాకు భలే నచ్చింది: 'బస్సు' అన్న మాట రాకపోతే 'మనుషుల లారీ' అనడం. నాలుగో మెట్టు బి2 మీద, తెలియని పదమే కాదు, కుదరని వాక్య నిర్మాణాన్ని కూడా చుట్టుతిరిగి దాటగలగాలి. నర్సుగా పూర్తి గుర్తింపు కావాలంటే జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో అడిగేది ఈ బి2నే.

'చుట్టుతిరిగి' అన్నది నేను ఊరికే వాడలేదు. ఈ పనికి జర్మన్లో ఉన్న క్రియ 'ఉమ్‌ష్రైబెన్'. 'ఉమ్' అంటే చుట్టూ, 'ష్రైబెన్' అంటే రాయడం. ఈ ఒక్క క్రియలోనే పెద్ద పనితనం దాగుంది. ఊనిక 'ఉమ్' మీద పడితే పాత రాతను తిరగరాయడమని అర్థం. అప్పుడు 'ఉమ్' విడివడే ముక్క, భూతకాల రూపంలో మధ్యన 'గె' దూరి 'ఉమ్‌గెష్రీబెన్' అవుతుంది. ఊనిక 'ష్రై' మీద పడితే అదే విషయాన్ని వేరే మాటల్లో చెప్పడం. అప్పుడు 'ఉమ్' అతుక్కుని ఉంటుంది, 'గె'కు చోటివ్వదు, రూపం 'ఉమ్‌ష్రీబెన్'. మూలరూపంలో ఉంటే తెల్లకాగితం మీద రెండూ ఒకే అక్షరాలు. నోటితో పలికినప్పుడే ఏది ఏదో తెలుస్తుంది. మన అమ్మాయి నేర్చుకుంటున్నది రెండోది.

పరీక్ష దీన్ని ఎందుకు అడుగుతుందో ప్రశ్నపత్రం తీరు చూస్తే అర్థమవుతుంది. గోథే ఇన్‌స్టిట్యూట్, ఆస్ట్రియాకు చెందిన ఓయెస్‌డీ, స్విట్జర్లాండులోని ఫ్రైబూర్గ్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే ఆ భాగం గట్టెక్కినట్టు. చదివే భాగంలో ఒక పాఠం ఇచ్చి, దాని కింద ఒక వాక్యం రాసి, ఒప్పా తప్పా అంటారు. పాఠంలోని మాటలే కింద కనిపిస్తే అది చాలాసార్లు తప్పుదోవ పట్టించేది. సరైన వాక్యం వేరే బట్టలు కట్టుకుని వస్తుంది. ఒక క్లినిక్ తలుపు మీద ఇలా ఉందనుకుందాం: 'ఔసెర్ మోంటాగ్స్ ఇస్ట్ డీ ప్రాక్సిస్ టేగ్లిష్ గెఓఫ్‌నెట్.' సోమవారాలు తప్ప రోజూ తెరిచి ఉంటుంది. ప్రశ్నలో ఉండేది: 'మోంటాగ్స్ హాట్ డీ ప్రాక్సిస్ త్సూ.' సోమవారాలు మూసి ఉంటుంది. సోమవారం, క్లినిక్ అన్న రెండు మేకులు తప్ప పై వాక్యంలోని కొయ్య ఒక్కటీ కింద లేదు. అయినా చెప్పిన సంగతి ఒకటే. అది ఒకటేనని పట్టుకోగలిగితే చదవడం వచ్చినట్టు. అలాంటిది తానే కట్టగలిగితే రాయడం వచ్చినట్టు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు అన్నిటికన్నా చిన్న ముక్క, పదం.

ఉత్తరం 'వచ్చింది' అంటాం, ఆఫీసు కాగితంలో అయితే 'అందింది' అంటాం. జర్మన్లో మొదటిది 'బెకోమెన్', రెండోది 'ఎర్హాల్టెన్'. ఆస్పత్రిలో డాక్టర్లు 'హ్యుపెర్టోనీ' అంటారు. పేషెంటుతో మాట్లాడేటప్పుడు దాన్నే 'బ్లుట్‌హోఖ్‌డ్రుక్' అనాలి. మొదటిది గ్రీకు మూలం నుంచి వచ్చింది. రెండోది రక్తం, ఎక్కువ, ఒత్తిడి అన్న మూడు ఇంటి మాటలను వరసగా అతికిస్తే వచ్చింది. అట్లాగే 'ఫ్రక్టూర్' కాగితం మీద మాట, 'క్నోఖెన్‌బ్రుఖ్' మంచం పక్కన మాట, అంటే ఎముక విరగడం. తత్సమానికి అచ్చతెలుగు మాట వెతుక్కునే అలవాటు మనకుంది కాబట్టి ఇక్కడ చెయ్యి త్వరగానే తిరుగుతుంది.

అయితే పదం మార్చడమంటే ఒక ఇటుక తీసి ఇంకో ఇటుక పెట్టడం కాదు. ఆ నోటుపుస్తకంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన పేజీ ఇది. పైన 'ఇష్ హెల్ఫె డేమ్ పట్సియెంటెన్.' కింద 'ఇష్ ఉంటెర్‌ష్ట్యుట్సె డేన్ పట్సియెంటెన్.' రెండింటి సారం ఒకటే, నేను పేషెంటుకు తోడ్పడుతున్నాను. క్రియ మారింది. దానితోపాటు 'డేమ్'లోని 'మ్' పోయి 'డేన్'లోని 'న్' వచ్చింది. ఆ ఒక్క అక్షరం కింద అమ్మాయి ఎర్రసిరాతో గీత గీసింది. 'హెల్ఫెన్' అన్న క్రియ తన పక్కన చతుర్థిని అడుగుతుంది, 'ఉంటెర్‌ష్ట్యుట్సెన్' ద్వితీయను అడుగుతుంది. గీత పక్కన చిన్నగా తెలుగులో రాసుకుంది: 'అతనికి సాయం చేస్తాను, అతన్ని ఆదుకుంటాను.' కి, ని. మనం పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే. 'అతన్ని సాయం చేస్తాను' అని మూడేళ్ల పిల్లకాయ కూడా అనడు. కానీ మన భాషలో ఈ కీలు ఉందని మనకు తెలియదు, ఎప్పుడూ కిర్రుమనలేదు కాబట్టి.

క్రియే యజమాని అన్న సంగతి ఇక్కడ బయటపడుతుంది. వాక్యంలో మిగతా మాటలన్నీ అది పిలిస్తే వచ్చినవే, అది చెప్పిన చోట కూర్చున్నవే. జర్మన్ పండితులు దీన్ని శాస్త్రంగా పెంచారు. గెర్హార్డ్ హెల్బిష్, వోల్ఫ్‌గాంగ్ షెంకెల్ 1969లో లైప్సిగ్ నుంచి జర్మన్ క్రియలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు తెచ్చారు. ఒక్కో క్రియ ఎన్ని మాటలను, ఏ విభక్తిలో తన పక్కకు పిలుచుకుంటుందో అందులో చూపించారు. పరమాణువుకు ఎన్ని చేతులుంటాయో చెప్పే రసాయన శాస్త్రపు మాటనే దీనికీ పెట్టారు.

పాత బడుల్లో శ్లోకం చెప్పిన అయ్యవార్ల చేతిలో ఈ పనిముట్టు అప్పటికే ఉంది. దాని పేరు ఖండాన్వయం. చిక్కుపడ్డ శ్లోకంలో ముందు క్రియను పట్టుకోవాలి. ఆ తర్వాత దాన్నే అడగాలి: ఎవరు? ఎవరిని? దేనితో? ఎవరి కోసం? ఎక్కడ? ఒక్కో ప్రశ్నకు ఒక్కో మాట వచ్చి చేరుతుంది. చివరికి పద్యం కాస్తా వచనమై చేతిలోకి వస్తుంది. తర్వాత తాత్పర్యం, అంటే పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పడం. మాటకు మాట అర్థం చెప్పే టీక, అన్వయం, తాత్పర్యం అన్న మూడు మెట్లూ ఎక్కిన పిల్లవాడికి జర్మన్ పరీక్షలో కొత్తగా నేర్చుకోవాల్సింది జర్మనే. విప్పి కట్టే పద్ధతి పాతదే. ఇది నా గట్టి నమ్మకం. 'సొంత మాటల్లో రాయండి' అన్న ప్రశ్నకు గైడు చూసి బట్టీ పట్టిన తరం నష్టపోయింది ఒక్క పద్యాన్నే కాదు.

తర్వాతి ముక్కలు, వాక్యాన్ని వాక్యంతో కలిపే కీళ్లు. వాన పడుతోంది, ఇంట్లో ఉంటాం. ఈ రెంటినీ జర్మన్లో మూడు రకాలుగా బిగించవచ్చు.

'వైల్ ఎస్ రేగ్నెట్, బ్లైబెన్ విర్ త్సు హౌజె.' 'వైల్' అన్న మాట తన వాక్యంలోని క్రియను తోసుకుంటూ చివరికి తీసుకుపోతుంది. 'ఎస్ రేగ్నెట్, డెస్‌హాల్ప్ బ్లైబెన్ విర్ త్సు హౌజె.' ఇక్కడ 'డెస్‌హాల్ప్' రెండో వాక్యంలో మొదటి కుర్చీ ఎక్కుతుంది. జర్మన్ మామూలు వాక్యంలో రెండో కుర్చీ ఎప్పుడూ క్రియదే కాబట్టి 'బ్లైబెన్' కదలదు, 'మేము' అన్న కర్తే లేచి దాని వెనక్కి వెళ్లాలి. మూడోది 'వేగెన్ డెస్ రేగెన్స్ బ్లైబెన్ విర్ త్సు హౌజె.' ఇందులో మొదటి క్రియ మాయమైంది. వాన పడడం అన్న పని 'వాన' అన్న వస్తువైపోయి, 'డెస్'తో, చివరి 'స్'తో షష్ఠీ విభక్తి తొడుక్కుంది. తెలుగులో చూస్తే: వాన పడుతోంది కాబట్టి ఇంట్లోనే ఉంటాం. వాన పడుతోంది, అందుకే ఇంట్లో ఉంటాం. వాన వల్ల ఇంట్లో ఉంటాం. కాబట్టి, అందుకే, వల్ల. మూడు కీళ్లూ మనకున్నాయి. 'అయినా' కుటుంబానికీ ఇట్లాగే మూడున్నాయి: 'ఒబ్‌వోల్', 'ట్రోట్స్‌డేమ్', 'ట్రోట్స్'. ఒక కుటుంబం బాగా తెలిస్తే మిగతావి కొలతలు మార్చి కోసుకోవచ్చు. మన అమ్మాయి ప్రతి కుటుంబానికీ ఒక పేజీ కేటాయించి, మూడు గళ్లు గీసి, రోజూ ఊళ్లో జరిగిన ఒక సంగతిని మూడు గళ్లలోనూ నింపుతుంది. ఆ రోజు పేజీలో కరెంటు పోవడం, మోటారు ఆగడం, శెనగ చేనుకు నీళ్లు అందకపోవడం ఉన్నాయి.

ఆ మూడో గడిలో జరిగిన పనిని కాస్త దగ్గర్నుంచి చూడాలి. క్రియను నామవాచకం చేయడమనేది పై స్థాయి పరీక్షలకు ప్రాణం. జర్మన్ విశ్వవిద్యాలయాల ప్రవేశానికి రాసే డీఎస్‌హెచ్ పరీక్షలో శాస్త్రభాషా నిర్మాణాల మీద విడిగా ఒక భాగమే ఉంటుంది. అక్కడ ఇలాంటి మార్పిళ్లే చేయిస్తారు. 'డీ ప్రైజె ష్టైగెన్ ష్నెల్.' ధరలు వేగంగా పెరుగుతున్నాయి. దీన్ని 'డేర్ ష్నెల్లె అన్‌ష్టీగ్ డేర్ ప్రైజె' చేయాలి. ధరల వేగవంతమైన పెరుగుదల. ఏం జరిగిందో వరసగా చూద్దాం. 'ష్టైగెన్' అన్న క్రియ 'అన్‌ష్టీగ్' అన్న నామవాచకమైంది. అది నామవాచకం కాగానే, క్రియను అంటిపెట్టుకున్న విశేషణం 'ష్నెల్' కొత్త యజమానికి తగ్గట్టు చివర 'ఎ' తగిలించుకుని ముందుకు వచ్చింది. కర్తగా దర్జాగా ఉన్న 'ధరలు' దిగివచ్చి షష్ఠిలో నిలబడింది. ఒక్క మాట మారితే ఇద్దరు కుర్చీ మారారు. తెలుగు వైపు చూడండి. 'వేగంగా'లోని 'గా' రాలిపోయి 'వేగవంతమైన' అయింది. 'ధరలు'లోని కొమ్ము పోయి 'ధరల' అయింది. పళ్లచక్రాల్లాగా ఇటు ఎన్ని పళ్లు తిరిగితే అటూ అన్నే తిరిగాయి. వేల మైళ్ల దూరంలో పుట్టిన రెండు భాషలు ఒకే బరువును ఒకే తీరుగా ఎత్తుకుంటున్నాయని ఆ పేజీ ముందు కూర్చున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకో చోట మన భాష ఇంగ్లీషును దాటి నేరుగా జర్మన్‌కు చెయ్యి అందిస్తుంది. 'డేర్ పట్సియెంట్, డేర్ గెస్టర్న్ ఒపెరీర్ట్ వుర్డె' అంటే, ఎవరికైతే నిన్న ఆపరేషన్ అయిందో ఆ పేషెంటు. సంబంధ వాక్యం పేరు తర్వాత తోకలా వస్తుంది. ఈ తోకను మడిచి పేరు ముందుకు తేవచ్చు: 'డేర్ గెస్టర్న్ ఒపెరీర్టె పట్సియెంట్.' నిన్న ఆపరేషన్ అయిన పేషెంటు. నిన్న, ఆపరేషన్ అయిన, పేషెంటు. గెస్టర్న్, ఒపెరీర్టె, పట్సియెంట్. మాటకు మాట అదే వరస. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని జర్మన్ నేర్చుకునేవాళ్లకు ఈ ముందుమడత కొరకరాని కొయ్య. మనకు అది వసారాలో మాట్లాడుకునే మాట. 'ఏడుస్తున్న పిల్ల' అంటే 'డాస్ వైనెండె కింట్'. 'చేయాల్సిన లెక్క' అంటే 'డీ త్సు లోజెండె ఔఫ్‌గాబె'. ధాతుజ విశేషణం అని పదో తరగతిలో చదివి మరిచిపోయిన సరుకంతా ఇక్కడ పనికొస్తుంది. తెలుగులో ఆలోచించి జర్మన్ కట్టు, మధ్యలో ఇంగ్లీషు వంతెన ఎక్కొద్దు అని నేను అమ్మాయికి చెప్పింది ఈ పేజీ చూశాకే.

ఈ రెండు భాషల చుట్టరికం ఈనాటిది కాదు. మద్రాసులో పనిచేసిన జర్మన్ మత ప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ 1728లో లాటిన్లో తెలుగు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పేవి అవే. జర్మన్‌లో ఉన్న సంగతిని తెలుగులో వేరే మాటల్లో చెప్పాలని ఆయన తంటాలు పడ్డాడు. ఇప్పుడు మన పిల్లలు ఎదురు దారిలో నడుస్తున్నారు.

మాట్లాడే భాగంలో బి1 అభ్యర్థి ఒక అంశం మీద చిన్న ప్రసంగం చేయాలి. తన అనుభవం, తన దేశంలో పరిస్థితి, తన అభిప్రాయం చెప్పాలి. అమ్మాయి సాధన కోసం తన ఊరి మీదే ఒక ప్రసంగం రాసుకుంది. ఉయ్యాలవాడ అనగానే కంపెనీ పాలన మీద తిరగబడ్డ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరి తీశారు. ఈ ఒక్క సంగతిని ఆమె మూడు రకాలుగా కట్టింది. మొదటిది 'ఎర్ వుర్డె హిన్‌గెరిష్టెట్', కర్మణి. 'ఉరి తీయబడ్డాడు' అని తెలుగు చేస్తే పాఠ్యపుస్తకపు వాసన కొడుతుంది, మన నోట ఆ 'బడు' పలకదు. రెండోది 'మాన్ రిష్టెటె ఈన్ హిన్.' 'మాన్' అంటే ఎవరో, పేరు చెప్పని మనుషులు. మనం కర్తను వదిలేసి 'ఉరి తీశారు' అంటామే, అదే. 'హిన్' అన్న ముక్క క్రియ నుంచి ఊడి వాక్యం చివరికి పోయి గొళ్లెంలా పడింది. మూడోది 'జైనె హిన్‌రిష్టుంగ్', అంటే ఆయన ఉరితీత. 'ఉంగ్'తో ముగిసే ఇలాంటి నామవాచకాలన్నీ జర్మన్లో స్త్రీలింగాలే, అనుమానం అక్కర్లేదు. మూడింటిలోనూ ఉరికొయ్య ఒకటే. కానీ చూపు మారింది. మొదటిది ఆయన్ను చూస్తుంది, రెండోది చేసినవాళ్ల వైపు వేలు చూపిస్తుంది, మూడోది ఆ ఘటనను చరిత్రలో ఒక రాయిలా నిలబెడుతుంది. ఏది ఎక్కడ వాడాలో తెలియడం వ్యాకరణం చెప్పదు, చెప్పేవాడి మనసు చెప్పాలి.

ఒకే బరువుకు ఎన్ని కట్లుంటాయో చూడాలంటే జర్మన్ ఉపాధ్యాయులందరూ చూపే ఉదాహరణ ఒకటుంది. ఈ సమస్య తీర్చవచ్చు అన్న సంగతి. 'డాస్ ప్రొబ్లేమ్ కాన్ గెలోస్ట్ వెర్డెన్.' 'మాన్ కాన్ డాస్ ప్రొబ్లేమ్ లోజెన్.' 'డాస్ ప్రొబ్లేమ్ లెస్ట్ జిష్ లోజెన్.' 'డాస్ ప్రొబ్లేమ్ ఇస్ట్ త్సు లోజెన్.' 'డాస్ ప్రొబ్లేమ్ ఇస్ట్ లోస్‌బార్.' మొదటిదాంట్లో క్రియలు మూడు, చివరిదాంట్లో ఒకటే. 'బార్' అన్న రెండక్షరాలు 'తీర్చడానికి వీలైన' అన్న భారమంతా మోస్తున్నాయి. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. 'సమస్య తనను తాను తీర్చనిస్తుంది' అన్నట్టు, వస్తువే ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది. నాలుగోదానితోనే జాగ్రత్త. 'ఇస్ట్ త్సు' అన్న కట్టుకు రెండు మొహాలు. 'ఎర్ ఇస్ట్ కౌమ్ త్సు ఫెర్‌ష్టేయెన్' అంటే అతని మాట అర్థం చేసుకోవడం కష్టం, అంటే వీలు. అదే మందు సీసా మీద 'ఫోర్ డేమ్ ఎసెన్ ఐన్‌త్సునేమెన్' అని ఉంటే భోజనానికి ముందు వేసుకోవాల్సిందే, అంటే విధి. చుట్టూ ఉన్న మాటలే ఏ మొహమో చెబుతాయి. 'త్సు' అన్న ముక్క విడివడే క్రియ నడుములోకి దూరి 'ఐన్'కు, 'నేమెన్'కు మధ్య సర్దుకుని కూర్చోవడం కూడా ఇక్కడే చూడొచ్చు.

ఒక అర్థానికి ఐదు వాక్యాలు చూశాక నాకు మా నంద్యాల సీమతో ముడిపడ్డ పింగళి సూరన గుర్తొచ్చాడు. 16వ శతాబ్దపు కవి. 'కళాపూర్ణోదయం' నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. ఆయన 'రాఘవపాండవీయం'లో చేసింది సరిగ్గా దీనికి తిరగేసిన పని. ఒకే పద్యాన్ని ఒక తీరుగా విరిస్తే రామాయణం, ఇంకో తీరుగా విరిస్తే భారతం. అక్కడ మాటలు కదలవు, అర్థం కదులుతుంది. ఇక్కడ అర్థం కదలకూడదు, మాటలు కదలాలి. రెండింటికీ కావాల్సిన చూపు మాత్రం ఒకటే: అతుకు ఎక్కడుందో కనిపెట్టడం. పక్కనే ఆళ్లగడ్డలో రాతిని చెక్కే శిల్పులకు కూడా ఆ చూపుంటుంది. కాకపోతే రాయి ఒకసారి చెక్కితే చెక్కినట్టే. వాక్యాన్ని మళ్లీ విప్పుకోవచ్చు, అందుకే నేర్చుకునేవాళ్లకు అది దయగల పదార్థం.

మనకు పుట్టుకతో వచ్చిన ఇంకో చిన్న ముక్క 'అట'. అతనికి జబ్బట. నేను చూడలేదు, విన్నాను అన్న పూచీ అంతా రెండక్షరాల్లో చెప్పేస్తాం. జర్మన్లో దీనికి 'ఎర్ జోల్ క్రాంక్ జైన్' అంటారు. 'జోల్' మామూలుగా 'చేయాలి' అని చెప్పే క్రియ, ఇక్కడ 'అట'గా పనిచేస్తుంది. 'అతనికి జబ్బని జనం అంటున్నారు' అన్న పొడుగు వాక్యాన్ని ఈ పొట్టి కట్టులోకి మడవడం పరీక్షల్లో తరచూ కనిపించే మార్పిడి. 'జోల్' తీసి 'విల్' పెడితే, తనకు జబ్బని అతనే చెప్పుకుంటున్నాడు అవుతుంది. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు పేషెంటు సంగతి అప్పగించాలంటే, చూసినదేదో విన్నదేదో ఇలా విడదీసి చెప్పగలగడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చివరి మెట్టు తూకం. కొత్త వాక్యం కట్టాక పాతదాన్ని చేత్తో మూసి, కొత్తదాన్నే తెలుగులో చెప్పుకోవాలి. పాత సంగతి తిరిగి వస్తే కట్టు నిలిచినట్టు. మా ఇంట్లో ఈ తూకం వేసేది మా అమ్మ. జర్మన్ ఆమెకు ముక్క రాదు. వింటుంది, తనకేం అర్థమైందో చెబుతుంది.

ఆ సాయంత్రం అమ్మాయి ముందున్న వాక్యం డాక్టరు మాట: 'డేర్ పట్సియెంట్ ముస్ న్యుష్టెర్న్ బ్లైబెన్.' పేషెంటు పరగడుపున ఉండాలి. 'న్యుష్టెర్న్'కు 'పరగడుపు' కంటే చక్కటి మాట ఏ భాషలోనూ ఉండదేమో. దీన్ని పేషెంటుకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాలి. ఆమె రాసింది: 'జీ మ్యుసెన్ ఫోర్ డేర్ ఒపెరట్సియోన్ నిష్ట్స్ ఎసెన్.' పాత వాక్యం మూసి, మాటకు మాట కూడబలుక్కుంటూ జేజికి తెలుగులో చెప్పింది.

"ఆపరేషనుకు ముందు మీరు ఏమీ తినక్కర్లేదు."

"తినక్కర్లేదా, తినకూడదా?" అంది మా అమ్మ, ఒత్తులు చేసుకుంటూ. "అక్కర్లేదంటే ఆకలైతే తినొచ్చుననే గదమ్మా."

అమ్మాయి పెన్ను ఆగిపోయింది. ఇంగ్లీషులో 'మస్ట్ నాట్' అంటే కూడదు. ఆ అలవాటుతో 'మ్యుసెన్'కు కాదనే మాట చేర్చింది. జర్మన్లో అలా చేరిస్తే బలవంతం పోతుంది, అనుమతి మిగులుతుంది. 'ఉండాలి' అన్న విధిని లేదన్న వైపు నుంచి చెప్పాలంటే క్రియే మారాలి. పరగడుపున ఉండాలి అంటే తినడానికి అనుమతి లేదు అని. అనుమతిని మోసే క్రియ 'డ్యుర్ఫెన్'. దానికి కాదు చేరిస్తేనే కూడదు అవుతుంది. ఉండాలి, అక్కర్లేదు, వచ్చు, కూడదు. తెలుగు ఈ నాలుగింటికీ నాలుగు వేరువేరు మాటలిచ్చింది. ఆ నాలుగింటి మధ్య గట్లు మా అమ్మకు తన చేని గట్లంత బాగా తెలుసు.

'మ్యుసెన్' మీద ఒక గీత కొట్టి, పైన 'డ్యుర్ఫెన్' అని రాసింది అమ్మాయి. మిగతా వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేదు. మళ్లీ పాత వాక్యం మీద అరచెయ్యి పెట్టి, ఈసారి నెమ్మదిగా, "ఆపరేషనుకు ముందు మీరు ఏమీ తినకూడదు" అంది.

"నీళ్లు?" అని అడిగింది మా అమ్మ.

అమ్మాయి నా వైపు చూసి, పేజీ తిప్పి, నీళ్ల గురించి ఇంకో వాక్యం మొదలుపెట్టింది.